వాటర్‌క్లూఫ్ నుంచి ఎగిరిన విమానం

హేగ్‌లోని అంతర్జాతీయ నేర న్యాయస్థానం వారెంట్ ఉన్నా 2024 సెప్టెంబరులో పుతిన్ మంగోలియా వెళ్లొచ్చారు. 2025 ఏప్రిల్‌లో హంగరీ, అదే కోర్టు వారెంట్ ఉన్న ఇజ్రాయెల్ ప్రధాని నెతన్యాహుకు స్వాగతం పలికి, అదే రోజు ఆ కోర్టు నుంచే తప్పుకుంటున్నామని ప్రకటించింది. వారెంట్ ఉన్నవారిని అరెస్టు చేయాల్సిన సభ్యదేశాలకు ఇంత ధైర్యం ఎక్కడిదన్న ప్రశ్న మళ్లీ వినిపిస్తోంది. కోర్టుకు సొంత పోలీసులు లేరన్నది పాత మాటే. అసలు జవాబు 2015 జూన్‌లో దక్షిణాఫ్రికాలో జరిగినదాంట్లో ఉంది.

సూడాన్‌లోని దార్ఫుర్ ప్రాంతంలో జరిగిన మారణకాండ కేసులో ఇదే కోర్టు వారెంట్ ఉన్న ఆ దేశ అధ్యక్షుడు ఒమర్ అల్ బషీర్ అప్పుడు ఆఫ్రికన్ యూనియన్ సదస్సుకని జోహన్నెస్‌బర్గ్ వచ్చారు. ఒక స్వచ్ఛంద సంస్థ ప్రిటోరియా హైకోర్టుకెక్కింది. ఆయన దేశం దాటకూడదని ఆదివారం, జూన్ 14న, తాత్కాలిక ఉత్తర్వు వచ్చింది. మర్నాడు వాదనలు మొదలైనప్పుడు, ఆయన ఇంకా ఇక్కడే ఉన్నారని ప్రభుత్వ న్యాయవాది భరోసా ఇచ్చారు. ఆ పూటే వాటర్‌క్లూఫ్ సైనిక విమానాశ్రయం నుంచి బషీర్ విమానం ఎగిరిపోయింది. కోర్టుకు ఇచ్చిన భరోసా అబద్ధమని మరుసటి ఏడాది దక్షిణాఫ్రికా సుప్రీం కోర్ట్ ఆఫ్ అపీల్ తేల్చింది. అంటే ప్రభుత్వం కావాలని కోర్టును మోసగించిందా, లేక ప్రభుత్వ న్యాయవాదులే మోసపోయారా? రెండింట్లో ఏది నిజమైనా పరువు తక్కువే.

దేశాధినేతకు అరెస్టు నుంచి రక్షణ ఉంటుందని, సదస్సుకు వచ్చిన అతిథులకు ఆ హామీ ఇచ్చామని ప్రభుత్వం వాదించింది. హేగ్ కోర్టు ఆఫ్రికా నేతలనే వేటాడుతోందన్న ఫిర్యాదు కూడా ఉండనే ఉంది.

విమానం ఎగిరిపోవడం కన్నా పెద్ద దెబ్బ 2017 జులైలో పడింది. దక్షిణాఫ్రికా తన బాధ్యత నిర్వర్తించలేదని హేగ్ జడ్జిలు తేల్చారు. కానీ విషయాన్ని ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి పంపలేదు. సొంత కోర్టులే ఆ ప్రభుత్వాన్ని తప్పుపట్టాయని, పైగా గతంలో పంపిన ఫిర్యాదులపై మండలి కదల్లేదని కారణాలు చెప్పారు. నిజమే, కదల్లేదు. కానీ ఆ మాట తీర్పులో రాస్తే మిగతా దేశాలు ఏం అర్థం చేసుకుంటాయి?

మంగోలియా, హంగరీ విషయాల్లోనూ తప్పు జరిగిందనే తేల్చి సభ్యదేశాల సభకు నివేదించారు. ఆ సభ చర్చిస్తుంది. ఏ శిక్ష వేయాలో మాత్రం ఆ కోర్టును ఏర్పరచిన రోమ్ ఒప్పందంలో ఎక్కడా లేదు.

అయితే బషీర్ వ్యవహారం పూర్తిగా వృథా పోలేదు. 2023 ఆగస్టులో బ్రిక్స్ సదస్సు జరిగింది కూడా జోహన్నెస్‌బర్గ్‌లోనే. పుతిన్ వస్తే అరెస్టు చేయాలంటూ ప్రతిపక్షం ముందే కోర్టుకు వెళ్లింది. అలా చేస్తే రష్యాపై యుద్ధం ప్రకటించినట్టేనని అధ్యక్షుడు రామఫోసా అఫిడవిట్‌లో మొరపెట్టుకున్నారు. చివరికి పుతిన్ రాలేదు. విదేశాంగ మంత్రి లావ్రోవ్‌ను పంపి, తాను వీడియోలో కనిపించారు.