జీతం పెరిగింది సరే, సీనియారిటీ సంగతేంటి? అమెరికా రీజనల్ పైలట్ల గొడవ వెనక కథ

రిపబ్లిక్, మీసా ఎయిర్‌లైన్స్ కలిసిపోతున్నాయని 2025 ఏప్రిల్‌లో చెప్పిన దగ్గర్నుంచి పాత ప్రశ్న మళ్ళీ లేచింది, రీజనల్ పైలట్లకి ఇప్పుడు జీతాలు బానే ఉన్నాయి కదా ఇంకా భయమెందుకు అని. విమానం మీద పెద్ద కంపెనీ పేరుంటుంది, నడిపేదీ జీతమిచ్చేదీ ఇంకో కంపెనీ, ఆ పెద్దదాన్ని మేజర్ అంటారు, నడిపేదాన్ని రీజనల్ అంటారు.

చాలామంది ఈ కథని 2009 ఫిబ్రవరి 12న బఫెలో దగ్గర కూలిన కోల్గన్ అనే రీజనల్ ఫ్లైట్ నుంచి మొదలెడతారు. 50 మంది పోయారు. కోపైలట్ జీతం ఏడాదికి 16 వేల డాలర్లని హియరింగ్‌లో బయటపడింది, తర్వాత కంపెనీ కాదు 23,900 అంది. కోపైలట్‌కైనా 1500 గంటలు నడిపిన అనుభవం ఉండాలనే రూల్ పుట్టింది ఆ ప్రమాదం తర్వాతే. అది పెద్ద విషయమే, కానీ నా లెక్కలో అసలు మలుపు అంతకు ఎనిమిదేళ్ళ ముందు సిన్సినాటిలో వచ్చింది.

అక్కడి కామ్‌ఎయిర్ అనే రీజనల్‌ని డెల్టా అనే మేజర్ కొనేసింది. ఓనర్ ఒక్కడే అయ్యాడు కదా అని కామ్‌ఎయిర్ పైలట్లు, డెల్టాకే చెందిన ఇంకో రీజనల్ ఏఎస్ఏ పైలట్లు కలిసి డెల్టా వాళ్ళతో ఒకే సీనియారిటీ లిస్టు, అంటే ఎవరు ముందు చేరారో చూసి ఎవరికి ఏ పని ముందు దక్కాలో తేల్చే వరస, కావాలన్నారు. మూడు చోట్లా యూనియన్ ఒకటే, ఆల్పా. ఆ ఆల్పానే కుదరదంది. 2001 మార్చి 26న కామ్‌ఎయిర్ పైలట్లు జీతాల కోసం సమ్మెకి దిగారు, 89 రోజులు మొత్తం కంపెనీ ఆగిపోయింది, చివరికి మంచి కాంట్రాక్టే తెచ్చుకున్నారు. గెలిచారనే అందరూ అనుకున్నారు. కానీ గెలిచింది జీతం ఒక్కటే, ఏ విమానం ఎవరు నడపాలనేది మాత్రం డెల్టా చేతిలోనే ఉండిపోయింది, పని ఇంకో చవక రీజనల్‌కి ఇస్తే కామ్‌ఎయిర్ పైలట్ చేయగలిగేదేం లేదు. 2005లో డెల్టా, కామ్‌ఎయిర్ రెండూ దివాలా కోర్టుకెళ్ళాయి, సమ్మె చేసి సంపాదించిన దాంట్లోంచి వెనక్కిచ్చుకోవాల్సొచ్చింది. 2012లో డెల్టా పైలట్లు తమ కొత్త కాంట్రాక్టులో 50 సీట్ల జెట్లు తగ్గించి 76 సీట్లవి పెంచుకోవడానికి ఒప్పుకున్నారు, ఆ వెంటనే జులైలో కామ్‌ఎయిర్ మూసేస్తున్నామని డెల్టా చెప్పేసింది, సెప్టెంబర్ 29న ఆఖరి ఫ్లైట్లు. ఇరవై ఏళ్ళు కెప్టెన్‌గా చేసిన మనిషి కూడా వేరే కంపెనీలో చేరితే లిస్టులో అట్టడుగున, మొదటి ఏడాది జీతంతో మొదలెట్టాల్సిందే.

చిన్న విమానాలకి పెద్ద జీతాలు గిట్టవని కంపెనీల మాట. రీజనల్ జెట్లు 76 సీట్లు, 86 వేల పౌండ్ల బరువు దాటకూడదని తమ కాంట్రాక్టులో పెట్టుకున్న షరతు (స్కోప్ క్లాజ్) లేకపోతే తమ ఉద్యోగాలే బయటికి పోతాయని మేజర్ పైలట్ల మాట, అందులో న్యాయం ఉంది. కానీ ఆ గీత గీసేటప్పుడు రీజనల్ పైలట్‌కి ఓటు లేదు, దాని ఫలితం మాత్రం ముందు పడేది వాడి మీదే.

2020లో ఇదే ఇంకా వేగంగా జరిగింది. కంపాస్, ట్రాన్స్ స్టేట్స్ అనే రీజనల్స్ ఏప్రిల్‌లోనే మూతపడ్డాయి, యునైటెడ్ తన పని కమ్యూట్‌ఎయిర్‌కి ఇచ్చేసరికి ఎక్స్‌ప్రెస్‌జెట్ సెప్టెంబర్ 30న ఆగిపోయింది. రెండేళ్ళు తిరగ్గానే పైలట్ల కొరత, 2022 జూన్‌లో ఎన్వాయ్, పీడ్‌మాంట్ అనే రీజనల్స్ కొత్త ఫస్ట్ ఆఫీసర్‌కి (కోపైలట్‌కి) గంటకి 90 డాలర్లు, కెప్టెన్‌కి 146 నుంచి అన్నాయి. మరుసటి ఏడాది 2023 మార్చిలో డెల్టా సొంత పైలట్లకి నాలుగేళ్ళలో 34 శాతం పెంపు వచ్చింది. రెండిటికీ తేడా చూడండి, డెల్టా పెంపు బేరమాడి రాయించుకున్న కాంట్రాక్టు, ఎన్వాయ్‌లో అప్పుడిచ్చిన దాంట్లో పెద్ద ముక్క 2024 ఆగస్టు దాకానే అని గడువు పెట్టిన అదనపు చెల్లింపు.

ఇప్పుడు రిపబ్లిక్, మీసా దగ్గరికొస్తే, ఇది విలీనం కాబట్టి రెండు లిస్టులూ న్యాయంగా కలపాలని మెకాస్కిల్-బాండ్ చట్టం ఉంది. 2001లో అమెరికన్ ఎయిర్‌లైన్స్, టీడబ్ల్యూఏ అనే ఇంకో ఎయిర్‌లైన్‌ని కొన్నప్పుడు ఆ పైలట్లలో చాలామందిని లిస్టు చివర్లో పెట్టారు, ఆ బాధలోంచే 2007లో ఈ చట్టం వచ్చింది. అయితే అది కంపెనీలు కలిసినప్పుడే పనిచేస్తుంది. ఒక మేజర్ తన ఫ్లైట్లు ఈ రీజనల్ నుంచి తీసి ఆ రీజనల్‌కి ఇస్తే, అవే విమానాలు అవే రూట్లలో ఎగురుతున్నా, పాత పైలట్ సీనియారిటీ నంబర్ వాటి వెంట వెళ్ళదు.