లక్ష మైళ్ల స్పార్క్ ప్లగ్‌ని ఎప్పుడు మార్చాలి?

అమెరికాలో 1997 నుంచి 2004 దాకా వచ్చిన ఐదో తరం షెవర్లే కార్వెట్ మాన్యువల్ తీస్తే, కంపెనీ బిగించిన స్పార్క్ ప్లగ్‌లను (సిలిండర్‌లో ఇంధనాన్ని నిప్పురవ్వతో అంటించేవి) లక్ష మైళ్లకు, అంటే సుమారు 1,60,000 కిలోమీటర్లకు మార్చమని ఉంటుంది. స్పోర్ట్స్ కారును వారాంతాల్లోనే బయటికి తీసేవాళ్లు చాలామంది. ఏడాదికి 3,000 మైళ్లు తిరిగే కారుకి ఆ గడువు రావాలంటే 33 ఏళ్లు పడుతుంది. అన్నేళ్లు ఆగకూడదు.

ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో క్రాంక్ షాఫ్ట్ (ఇంజిన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు) రెండు చుట్లు తిరిగేసరికి ఒక్కో ప్లగ్ ఒకసారి స్పార్క్ ఇస్తుంది. నిమిషానికి 2,000 చుట్లు, గంటకు 50 కిలోమీటర్లు సగటు అనుకుని లెక్కేయండి. లక్ష మైళ్లు పూర్తయ్యేలోపు ఒక్కో ప్లగ్ దాదాపు 19 కోట్ల స్పార్కులు ఇవ్వాలి. ప్రతిసారీ ఎలక్ట్రోడ్ (స్పార్క్ దూకే లోహపు ముక్క) కొన నుంచి లోహం ఇసుమంత ఎగిరిపోతూనే ఉంటుంది. నికెల్ మిశ్రమం కొనలు త్వరగా అరుగుతాయి. నికెల్ 1,455 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరిగితే ప్లాటినం 1,768, ఇరిడియం 2,446 దాకా తట్టుకుంటాయి. ఇంత పెద్ద గడువు ఇవ్వగలగడం ఈ ఖరీదైన లోహాల చలవే.

కొత్త ప్లగ్ కొన అంచు పదునుగా ఉంటుంది. విద్యుత్ క్షేత్రం పదునైన చోటే బలంగా ఉంటుంది కాబట్టి తక్కువ వోల్టేజీకే స్పార్క్ దూకుతుంది. అంచు గుండ్రబడి, ఎలక్ట్రోడ్ల మధ్య గ్యాప్ పెరిగేకొద్దీ కాయిల్ (ప్లగ్‌కి వోల్టేజీ అందించే భాగం) మరింత వోల్టేజీ ఇవ్వాల్సి వస్తుంది. ఆ భారాన్ని కాయిల్ చాలాకాలం చప్పుడు చేయకుండా మోస్తుంది, నడిపేవాళ్లకు తేడా తెలియదు. "బండి బాగానే నడుస్తోందిగా" అన్న మాటను అందుకే నమ్మలేం. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు సిలిండర్‌లో ఒత్తిడి పెరిగి స్పార్క్ దూకడం ఇంకా కష్టమవుతుంది. మిస్‌ఫైర్ (సిలిండర్‌లో ఇంధనం సరిగా అంటుకోకపోవడం) ముందుగా బయటపడేది అప్పుడే. గాలిని ఒత్తిడితో లోపలికి నెట్టే టర్బో ఇంజిన్లలో ఈ కష్టం ఇంకా ఎక్కువ.

తక్కువ తిరిగే కారుకి వేరే బెడద ఉంది. ప్లగ్ కొన సుమారు 450 డిగ్రీలు దాటితేనే దాని మీది మసి కాలిపోతుంది. కాసేపు తిప్పి మళ్లీ షెడ్డులో పెట్టేస్తే ఆ వేడి అందక ప్లగ్ కొన దగ్గరి పింగాణీ మీద మసి పేరుకుంటుంది. పైగా ఏళ్ల తరబడి కదలని ప్లగ్ మర (స్క్రూలాంటి గాడి), ఇంజిన్ పైభాగమైన అల్యూమినియం సిలిండర్ హెడ్‌లో పట్టేస్తుంది. బలవంతంగా తిప్పితే హెడ్‌లోని మరే ఊడొస్తుంది, దాని రిపేరు ముందు ప్లగ్‌ల ఖర్చు ఎంత! పోర్షే తన 911కి మైళ్లతోపాటు 4 ఏళ్ల గడువు కూడా పెట్టడం నాకు సబబుగా తోస్తుంది. కార్వెట్ లాంటి దానికైతే 50,000 మైళ్లకో, ఏడెనిమిదేళ్లకో, ఏది ముందొస్తే అప్పుడు విప్పి చూడాలని నా అభిప్రాయం. విప్పాక కొత్తవి వేసేయడమే మంచిది.

ఇంజిన్ పూర్తిగా చల్లారాకే పని మొదలుపెట్టండి. కొత్త ప్లగ్‌ని ముందు చేత్తోనే ఎక్కించి, చివర్లో టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా) మాన్యువల్‌లో చెప్పినంతే బిగించండి. మర మీద పూత ఉన్న ప్లగ్‌లకు గ్రీజు రాయొద్దు, అదే టార్క్‌కి మోతాదు మించి బిగుసుకుంటాయి. కార్వెట్ ఎనిమిది సిలిండర్ల నుంచి విప్పిన ఎనిమిది ప్లగ్‌లనూ సిలిండర్ల వరుసలోనే పేర్చుకోండి. లేత గోధుమ రంగో బూడిద రంగో ఉంటే నిశ్చింత. తెల్లగా పొక్కులు కనిపిస్తే ఆ సిలిండర్ అతిగా వేడెక్కుతున్నట్టు. ఏడు పొడిగా ఉండి ఒక్కటి నూనెతో తడిసి ఉంటే, కొత్త ప్లగ్‌తో సరిపెట్టకుండా ఆ సిలిండర్‌లోకి ఆయిల్ ఎక్కణ్నుంచి దిగుతోందో మెకానిక్‌తో చూపించండి.