ఊరడవి వైవిధ్యానికి కొలత

ఊరివాళ్లే కాపలా కాసి, ఊరివాళ్లే కట్టెపుల్లలూ గడ్డీ తెచ్చుకునే అడవిలో ఎన్ని రకాల చెట్లున్నాయని అడిగితే ముప్పై అనో నలభై అనో ఒక అంకె చెబుతారు. ఆ అంకె నిజమే కావచ్చు గాని, దాన్నిబట్టి అడవి పరిస్థితి తెలిసేది తక్కువ. నూరేసి చెట్లున్న రెండు అడవి ముక్కలను తీసుకుందాం. రెండింటిలోనూ ఐదేసి జాతులున్నాయి. మొదటి దానిలో ఒక్కో జాతికి 20 చెట్లున్నాయి; రెండవ దానిలో ఒకే జాతివి 92 ఉండగా, తక్కిన నాలుగు జాతులకు రెండేసి చెట్లే మిగిలాయి. జాతులను లెక్కపెట్టి ఊరుకుంటే రెండూ సమానమే. రెండవ దానిలో ఆ ఒక్క జాతికి తెగులు సోకితే మాత్రం అక్కడ అడవి అనదగ్గది మిగలదు.

ఈ తేడాను పట్టుకోవడానికి వాడే సూత్రాల్లో ఒకటి అడవిలో పుట్టనే లేదు. సందేశాల్లోని సమాచారాన్ని కొలవడానికి అమెరికా గణితవేత్త క్లాడ్ షానన్ 1948లో దాన్ని ప్రతిపాదించాడు. ఆ మరుసటి ఏడాది బ్రిటిష్ గణాంకవేత్త ఎడ్వర్డ్ సింప్సన్ ఇంకా తేలికైన ప్రశ్న వేశాడు: కళ్లు మూసుకుని రెండు చెట్లను ఎంచుకుంటే, అవి రెండూ ఒకే జాతివి అయ్యే అవకాశం ఎంత? ఆ అవకాశం పెరిగినకొద్దీ వైవిధ్యం తగ్గినట్లు. నివేదికల్లో ఎక్కువగా కనిపించేది షానన్ సూత్రంతో వచ్చే అంకె, అంటే షానన్ సూచికే అయినా, దాన్ని ఉన్నదున్నట్లుగా చదివితే మోసపోతాం. సమాన సంఖ్యలో 16 జాతులున్న అడవిలో అది 2.77 వస్తుంది, అందులో సగం జాతులు పోయి ఎనిమిదే సమంగా మిగిలితే 2.08 వస్తుంది. సగం అడవి పోయినంత నష్టం కాగితం మీద పాతిక శాతంగా కనబడుతుందన్నమాట. సూచికలో సంవర్గమానం (లాగరిథం) దాగి ఉండడమే దీనికి కారణం. దాన్ని తిరగేసి, ‘ఎన్ని సమాన జాతులతో తూగుతుంది’ అనే లెక్కలోకి మార్చుకోవచ్చని బ్రిటిష్ పర్యావరణ శాస్త్రవేత్త మార్క్ హిల్ 1973లో చూపించాడు. అలా మారిస్తే మన మొదటి ముక్కకు 5 వస్తుంది, రెండవ దానికి 1.5 కూడా రాదు. ఊరి సభలో చెప్పదగిన అంకె ఇదేనని నా అభిప్రాయం.

అయితే లెక్క ఎంత మంచిదైనా కొలత తప్పితే ప్రయోజనం లేదు. సాధారణంగా 20 మీటర్ల భుజం గల చదరపు గడులు వేసి, వాటిలోని చెట్లను నమోదు చేస్తారు. లోపల చిన్న గడుల్లో లేత మొక్కలనూ మొలకలనూ విడిగా లెక్కిస్తారు. నడవడానికి వీలుగా ఉందని బాట పక్కనే గడులు వేస్తే, జనం ఎక్కువగా కొట్టుకున్న చోటే మొత్తం అడవిగా లెక్కలోకి వస్తుంది. అందుచేత గడుల స్థానాలను ముందుగానే పటం మీద చీటీలు తీసినట్లు నిర్ణయించుకోవాలి. వాలు మీద టేపును నేలకు ఆనించి పరచకూడదు. 30 డిగ్రీల వాలులో అలా పరచిన 20 మీటర్లు సమతలంలో 17.3 మీటర్లే అవుతాయి. మాను చుట్టుకొలతను దాదాపు ఛాతీ ఎత్తున, వాలులోనైతే ఎగువ వైపు నిలబడి తీస్తారు. ఊరడవిలో అసలు చిక్కు మోళ్లతో వస్తుంది. ఒకసారి కొట్టిన మోడు నుంచి నాలుగైదు పిలకలు లేచి మానులైతే, అవి నాలుగు చెట్లా, ఒక్కటేనా? చెక్క పరిమాణానికి ప్రతి మానునూ కొలవాలి. జాతుల వైవిధ్యానికి మాత్రం అన్నిటికీ వేరు ఒక్కటే గనుక ఒక్క చెట్టుగానే రాయాలి. ఈ నియమాన్ని మొదటి రోజే తేల్చుకోకపోతే, ఎక్కువగా నరికిన జాతే ఎక్కువగా ఉన్నట్లు లెక్క తేలుతుంది.

పేర్ల విషయంలో ఊరి పెద్దల తోడు లేకుండా పని సాగదు. ఆకు రాలిన కాలంలో బెరడు గీరి, వాసన చూసి చెట్టును గుర్తుపట్టగలిగేది వాళ్లే. కాని ఒకే పేరుతో రెండు జాతులను పిలవడమూ, ఒకే జాతికి రెండు పేర్లుండడమూ మామూలే గనుక, ప్రతి పేరుకూ ఒక కొమ్మను ఆకులతో, దొరికితే పూలతో, ఎండబెట్టి దాచుకోవాలి.

ఎన్ని గడులు వేసినా కొన్ని జాతులు కంటపడకుండా పోతాయి. వాటిని అంచనా కట్టే ఉపాయాన్ని 1984లో తైవాన్ గణాంకవేత్త ఆన్ చావో చెప్పింది. ఒక్కసారే కనిపించిన జాతుల సంఖ్యను వర్గం చేసి, రెండుసార్లు కనిపించిన జాతుల సంఖ్యకు రెట్టింపుతో భాగించి, కనిపించిన మొత్తానికి కలపాలి. 30 జాతులు కనిపించి, వాటిలో ఎనిమిది ఒక్కసారి, నాలుగు రెండుసార్లు ఎదురైతే, కనీసం 38 ఉంటాయని అర్థం.

సామూహిక యాజమాన్యంలోని అడవికి మరో ప్రత్యేకత ఉంది. కలపకు పనికొచ్చే చెట్లను నిలిపి, పనికిరాదనుకున్న పొదలనూ వంకర చెట్లనూ తీసేయడం సంరక్షణగానే జరుగుతుంది. అడవి పచ్చగా చిక్కబడుతుంది, వైవిధ్యం మాత్రం మెల్లగా జారిపోతుంది. పెద్ద చెట్ల లెక్కలో ఇది చాలా ఏళ్ల దాకా తెలియదు. పశువులు మేసిన మొలకల గడిలో ముందుగా బయటపడుతుంది. పెద్ద చెట్లలో ఇరవై జాతులుండి, మొలకల్లో ఆరే కనిపిస్తే, విత్తనం రాలకపోవడమా, మొలక బతకకపోవడమా అని వెతకాలి.

ఇది తెలియాలంటే అవే గడులను ఐదేళ్లకో పదేళ్లకో తిరిగి కొలవాలి. అందుకే మూలల్లో గుర్తురాళ్లు పాతి, ప్రతి చెట్టుకూ అంకె వేసిన రేకు బిళ్ల కొడతారు. మేకు దిగిన చోట మాను ఉబ్బుతుంది గనుక, బిళ్లను చుట్టుకొలత తీసే చోట కాకుండా దానికి జానెడు పైన కొట్టాలి.