శ్రుతి తప్పని పళ్లెం

బరంపురం

చిరంజీవులైన మనవడికీ, మనవరాలికీ తాతయ్య ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం.

మీరిద్దరూ డబ్బు కూడబెట్టి రికార్డులు వినడానికి మంచి టర్న్‌టేబుల్, అంటే రికార్డు తిప్పే యంత్రం, కొంటున్నారని మీ అమ్మ చెప్పగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఫోన్లో చెబితే సగం మరిచిపోతారని ఉత్తరం రాస్తున్నాను. ఖరీదైనదే కొనండి, తప్పులేదు. ఆ ఖరీదు దేనికో తెలుసుకుని కొనండి.

షాపుకి వెళ్లేటప్పుడు మనింటి వీణ ఎల్పీ, అదే పెద్ద రికార్డు, ఒకటి పట్టుకెళ్లండి. వాళ్లు డ్రమ్ములూ గిటార్లూ మోగే రికార్డు వేసి వినిపిస్తారు, అది దేనిమీదైనా బాగానే ఉంటుంది. తంబూరా వెనక మోగుతుండగా వీణ తీగ మీటి వదిలేస్తే నాదం సాగుతూ సాగుతూ సన్నబడుతుంది కదా, అక్కడ చెవి పెట్టండి. రికార్డును మోసే పళ్లెం తిరగడంలో రవ్వంత ఎగుడుదిగుడున్నా ఆ నాదం వణుకుతుంది. నెమ్మదిగా ఊగితే వావ్ అంటారు, గబగబా వణికితే ఫ్లటర్. డోలు దెబ్బలో ఆ దోషం దాక్కుంటుంది, సాగదీసిన స్వరంలో, అదే కార్వైలో, దాక్కోలేదు. నన్నడిగితే టర్న్‌టేబుల్‌కి పెట్టే డబ్బులో పెద్ద వాటా ఈ నిలకడకే పోవాలి.

ఇది నాకెలా తెలిసిందో చెబుతాను. నేను రేడియో రిపేరు కొట్టు నడిపే రోజుల్లో మన చుట్టమొకాయన అమెరికా నుంచి పాత టర్న్‌టేబుల్ తెచ్చిచ్చాడు. అది 110 వోల్టులది. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి కలిపి, చిన్నప్పటి నుంచి విన్న నాదస్వరం ఎల్పీ వేశాను. విద్వాంసుడెవరో జ్వరంతో ఊదుతున్నట్టుంది! రెండు రోజులు రికార్డునే అనుమానించాను. అసలు సంగతేమిటంటే, ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులను మారుస్తుంది గానీ ఫ్రీక్వెన్సీని మార్చదు. అక్కడి కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. ఆ రకం ఏసీ మోటారు ఫ్రీక్వెన్సీని బట్టే తిరుగుతుంది. నిమిషానికి 33⅓ చుట్లు తిరగాల్సిన పళ్లెం 28 కూడా తిరగలేదు. శ్రుతి మూడు స్వరస్థానాలు దిగిపోయింది. మోటారు పుల్లీ మార్చాకే దారికొచ్చింది.

అందుకే వేగం సరిచూసే గీతల బిళ్ల, స్ట్రోబ్ డిస్క్, ఒకటి దగ్గరుంచుకోండి. మన 50 హెర్ట్జ్ కరెంటుకి 33⅓ వేగం చూసే వరసలో 180 గీతలుంటాయి, అమెరికా దానిలో 216. పాతకాలపు బల్బు వెలుగులో పళ్లెం మీద పెట్టి తిప్పితే గీతలు నిలబడినట్టు కనబడాలి. ముందుకో వెనక్కో జారితే వేగం తప్పినట్టే. ఎల్ఈడీ బల్బులు చాలావాటి కింద ఇది సరిగా తెలియదు.

ఇక బెల్టుదా, డైరెక్ట్ డ్రైవా అని అడిగారట. బెల్టుదాంట్లో మోటారు పక్కనుండి రబ్బరు పట్టీతో పళ్లాన్ని తిప్పుతుంది, మోటారు అదురు రికార్డు గాడిలో నడిచే ముల్లుదాకా రాకుండా రబ్బరు ఆపుతుంది. డైరెక్ట్ డ్రైవ్‌లో పళ్లెం మోటారు ఇరుసు మీదే కూర్చుంటుంది. టెక్నిక్స్ కంపెనీవాళ్లు ఈ రకాన్ని 1970లో ఎస్‌పీ-10 అనే మోడల్‌తో మొదలుపెట్టి, 1972లో ఎస్‌ఎల్-1200 తెచ్చారు. 2010లో దాని తయారీ ఆపేసి, 2016లో మళ్లీ మొదలెట్టారు. బెల్టువాటిలోనూ గొప్పవున్నాయి, స్ప్రింగుల మీద తేలే లిన్ ఎల్‌పీ12 వినిపించే వీణ నేను మరిచిపోలేను. కానీ మనది గోపాల్‌పూర్ సముద్రపు గాలి తగిలే ఉక్క ఊరు, వేడికి రబ్బరు త్వరగా సాగుతుంది. పైగా కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడిచే రోజులెక్కువ. క్వార్ట్జ్ స్ఫటికం వేగాన్ని పట్టి ఉంచే డైరెక్ట్ డ్రైవే మీకు తగినదని నా మాట. బెల్టుదే ముచ్చటపడితే, ఫ్రీక్వెన్సీని తానే తయారుచేసుకునే విడి పవర్ సప్లై ఉన్నది చూడండి.

ముల్లును మోసే కడ్డీ, టోన్ ఆర్మ్, దగ్గర తొందరపడొద్దు. దాన్ని రెండు వేళ్లతో మెల్లగా కదిపి చూడండి, కీలులో లూజు ఉండకూడదు, పట్టేసినట్టూ ఉండకూడదు. రికార్డు తిరుగుతుంటే ఆర్మ్ లోపలికి లాగుతుంది. దాన్ని ఆపడానికి కొన్నిటిలో చిన్న గుండును దారానికి వేలాడదీస్తారు. మా నాన్న మగ్గం పడుగుకి బరువులు కట్టి బిగువు చూసేవారు. మొదటిసారి ఆ గుండును చూసినప్పుడు ఆయనే గుర్తొచ్చారు.

ముల్లు రికార్డు మీద మోపే బరువు తక్కువైతే రికార్డు అరగదనుకుంటారు, అది పొరపాటు. బరువు చాలకపోతే ముల్లు గాడిలో ఎగిరెగిరి పడి గోడలు చెక్కేస్తుంది. తయారీదారు చెప్పినంత, మామూలుగా 1.5 నుంచి 2 గ్రాములు, చిన్న త్రాసుతో తూచి పెట్టండి. ముల్లును పట్టుకునే చిన్న డబ్బా, కార్ట్రిడ్జ్, దాని కోణం కూడా కోణం చూసే పలకతో (ప్రొట్రాక్టర్) సరిచూడాలి. ఎల్పీ అంచున గాడి సెకనుకి 50 సెంటీమీటర్లు పరిగెడుతుంది, చివరికొచ్చేసరికి 21. అదే పాట అంత ఇరుకులో ఇమడాలి. కోణం తప్పితే పక్క చివరనుండే తిల్లానా, మంగళం గరగరలాడతాయి.

మొదటి కార్ట్రిడ్జ్ మూవింగ్ మాగ్నెట్‌దే, అంటే లోపల అయస్కాంతం కదిలేదే, తీసుకోండి. 3 నుంచి 5 మిల్లీవోల్టులిస్తుంది, ముల్లు అరిగితే ముల్లొక్కటే లాగి మార్చుకోవచ్చు. తీగచుట్ట కదిలే మూవింగ్ కాయిల్‌ది అందులో పదోవంతే ఇస్తుంది, దాన్ని పెంచే పెట్టె, ఫోనో స్టేజ్, ఖరీదెక్కువ, ఇంటి ఎర్తింగ్ బాగోకపోతే గుయ్యిమనే రొద (హమ్) మీదపడుతుంది. ముల్లు పోతే చాలావాటిలో కార్ట్రిడ్జ్ మొత్తాన్ని పంపాలి. మనూరి నుంచి ఎక్కడికని పంపుతాం?

ఇంటికి తెచ్చాక టేబుల్ మీద, స్పీకర్ల పక్కన పెట్టకండి. మన నడవగదిలో మందపాటి గోడకి బిగించిన రాతి పలక ఉంది కదా, దీపాలు పెట్టేది, అదే దానికి చోటు. మనూరి అమ్మవారి జాతర ఠాకురాణి యాత్రలో వీధంతా డప్పులు మోగినప్పుడు కూడా నా ముల్లు అక్కడ ఎగరలేదు.

2013 అక్టోబరులో పైలీన్ తుపాను వచ్చినప్పుడు మన రికార్డుల అట్టలన్నీ తడిసి బూజు పట్టాయి. వాటిలోంచి దక్కినవి ద్వారం వెంకటస్వామినాయుడు గారి వయోలిన్ రికార్డులు రెండు. అవి నిమిషానికి 78 చుట్లు తిరిగేవి, లక్కతో చేసినవి. వాటిని స్పిరిట్‌తో తుడవకండి, లక్క కరిగిపోతుంది. ఎల్పీ ముల్లు వాటి వెడల్పాటి గాడి అడుగున దొర్లుతుంది, పైగా గీరుతుంది. కాబట్టి కొనే యంత్రానికి 78 వేగం ఉందో లేదో అడగండి, వాటికి సరిపోయే లావుపాటి 3 మిల్ (అంగుళంలో వెయ్యో వంతులు మూడు) ముల్లు కూడా ఒకటి కొనండి. దసరాకి వచ్చేటప్పుడు ఆ ముల్లు మరిచిపోకుండా తీసుకురండి. మీ నాన్నమ్మ ఆ రెండు రికార్డులూ ఇప్పటికే తుడిచి, పాత పట్టుగుడ్డలో చుట్టి బయట పెట్టింది.

ఇట్లు
మీ తాతయ్య