సరిహద్దు బడులకు అంతరిక్ష శాస్త్రం: నూట యాభై ఏళ్ల నేపథ్యం

అంతరిక్ష శాస్త్రం నేర్చుకోవడానికి బడిపిల్లలకు నేడున్నన్ని దారులు మునుపెన్నడూ లేవు. అయినా ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాలలో ఇంట తెలుగు మాట్లాడి, బడిలో ఒడియానో ఇంగ్లీషునో చదువుకునే పిల్లల దాకా అవి సరిగా చేరడం లేదు. దూరమూ పేదరికమూ మాత్రమే ఇందుకు కారణమనుకుంటే సగమే అర్థం చేసుకున్నట్టు. వారి భాష ఒక రాష్ట్రంలోనూ బడి మరో రాష్ట్రంలోనూ ఉండేలా చేసిన చరిత్రను కూడా చూడాలి.

నిజానికి ఆకాశ పరిశీలన ఈ ప్రాంతానికి కొత్త కాదు. 1874 డిసెంబరు 9న శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా సాగింది. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840లో సొంత ఖర్చుతో నెలకొల్పిన వేధశాల నుంచి ఆయన అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు దూరదర్శినితో దానిని పరిశీలించి, ఆ వివరాలను లండన్‌లోని రాయల్ ఆస్ట్రోనామికల్ సొసైటీకి పంపారు. అదే ఘటనను ఉత్తరాన ఖండపడా సంస్థానంలో దూరదర్శిని లేని పఠాణి సామంత చంద్రశేఖరుడు తన సంస్కృత గ్రంథం ‘సిద్ధాంత దర్పణం’లో నమోదు చేశారు. ఇంగ్లీషు చదువు లేని ఆ పండితుడు వెదురుతోనూ కర్రతోనూ తానే చేసుకున్న పరికరాలతో గ్రహాల స్థానాలను కొలిచి, పంచాంగ గణితంలో పేరుకుపోయిన తప్పులను సరిదిద్దారు. 1899లో కలకత్తాలో అచ్చయిన ఆ గ్రంథం పూరీ జగన్నాథ ఆలయ పంచాంగానికి ఆధారమయింది.

ఆ ఇద్దరి ఊళ్లకూ నడుమనున్నవే నేటి సరిహద్దు జిల్లాలు. ఒకరిని తెలుగువారు, మరొకరిని ఒడియా వారు తమ వారసత్వంగా చెప్పుకోవడం సహజమే. పర్లాకిమిడి, గుణుపురం పిల్లలకు మాత్రం ఇద్దరూ సొంతవారే. సామంత పద్ధతిని పాఠంగా చెప్పడానికి ఖర్చు కూడా లేదు. ఎండలో నిటారుగా పాతిన కర్ర నీడను గంటగంటకూ గుర్తిస్తే స్థానిక మధ్యాహ్నమూ, ఉత్తర దక్షిణ దిశలూ తేలతాయి. ఈ ప్రాంతం ఉష్ణమండలంలో ఉన్నందున మే నెల మధ్యలో ఒకసారి, జులై నెలాఖరున ఒకసారి సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి ఆ నీడ మాయమవుతుంది. మొదటిది వేసవి సెలవులలోనూ రెండోది వానాకాలంలోనూ పడతాయి కాబట్టి, ఉపాధ్యాయుడు ముందుగా తేదీ చూసుకుని పిల్లలకు చెప్పి ఉంచాలి.

సామంత కాలంలో గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోని జిల్లా. నేటి కోరాపుట్ జిల్లాలోని జయపురం, రాయగడ విశాఖపట్నం జిల్లాలో భాగాలు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక ప్రావిన్సుగా ఏర్పడినప్పుడు ఈ ప్రాంతంలో అధిక భాగం అందులో చేరింది. బడులూ పరీక్షలూ ఒడిశా పరిధిలోకి వెళ్లాయి. తెలుగులో అచ్చయ్యే శాస్త్ర పుస్తకాలు, పత్రికలు ఆంధ్ర వైపే మిగిలాయి.

ఆ చీలిక ప్రభావం ఉపగ్రహ విద్యలో స్పష్టంగా కనిపించింది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు ఇస్రో, అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో, ఆరు రాష్ట్రాలలో దాదాపు 2,400 గ్రామాలకు నేరుగా టెలివిజన్ పాఠాలు పంపిన ‘సైట్’ ప్రయోగం ప్రపంచం మెచ్చినది. ఉదయం బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు కార్యక్రమాలు వచ్చేవి. సెలవులలో పన్నెండు రోజుల చొప్పున రెండు విడతలుగా దాదాపు 50 వేల మంది ప్రాథమిక ఉపాధ్యాయులకు విజ్ఞాన బోధనలో శిక్షణ ఇచ్చారు. ఇంత పెద్ద ఎత్తున ఉపాధ్యాయులను పట్టించుకున్న ప్రయత్నం ఆనాటికి అరుదు. ఆంధ్రప్రదేశ్ గ్రామాలకు తెలుగు, ఒడిశా గ్రామాలకు ఒడియా కేటాయించారు. ఒడిశాలో ఎంచుకున్నవి సంబల్‌పూర్, ఢెంకనాల్, ఫుల్బని జిల్లాలు. గంజాం, కోరాపుట్ అందులో లేవు. ప్రయోగానికి పరిమితులు తప్పవు, కానీ రాష్ట్రానికో భాష అన్న ఆ లెక్కలో ఒడిశాలోని తెలుగు పిల్లవాడికి చోటే లేకపోయింది.

1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణ ఛాయ కర్ణాటక, తెలంగాణల మీదుగా, దక్షిణ ఒడిశాను దాటి పూరీ తీరానికి చేరింది. రాక చాలా ముందే తెలిసినా, భయంతో తలుపులు మూసుకున్న ఇళ్లు దేశమంతటా ఎన్నో ఉన్నాయి. భువనేశ్వర్‌లో సామంత పేరిట నక్షత్రశాల 1990లో వచ్చింది. విద్య కోసమే రూపొందిన ఎడ్యుశాట్ ఉపగ్రహాన్ని శ్రీహరికోట నుంచి 2004 సెప్టెంబరు 20న ప్రయోగించారు. 2010 వరకు అది పనిచేసింది.

తర్వాత అంతర్జాలం హద్దులను కొంత చెరిపింది. డెహ్రాడూన్‌లోని ఇస్రో సంస్థ ఐఐఆర్ఎస్ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రిమోట్ సెన్సింగ్) 2007 నుంచి దూరవిద్యా కోర్సులు ఉచితంగా నడుపుతోంది. 2009లో మొదలైన ఇస్రో అంతర్జాల పటం ‘భువన్’లో విద్యార్థి తన ఊరి చెరువునూ కొండనూ ఉపగ్రహ చిత్రంలో వెతుక్కోవచ్చు. ఆంధ్రప్రదేశ్ తెచ్చిన ద్విభాషా పాఠ్యపుస్తకాలలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు ఉంటాయి. ఇంగ్లీషు కోర్సు చూసి వెనకాడే సరిహద్దు ఉపాధ్యాయుడికి ఇంతకన్నా మంచి తోడు లేదని నా అభిప్రాయం. ఒడిశా సిలబస్‌లో లేవన్న కారణంతో వాటిని పక్కన పెట్టడం తగదు.

తొమ్మిదో తరగతి విద్యార్థుల కోసం ఇస్రో 2019లో ప్రారంభించిన ‘యువికా’ విషయంలో మాత్రం ఒడిశా చిరునామాయే పనికి వస్తుంది. ప్రతి రాష్ట్రానికీ ప్రాతినిధ్యం కల్పించే ఈ రెండు వారాల వేసవి శిబిరానికి పర్లాకిమిడి విద్యార్థి ఒడిశా అభ్యర్థిగానే పోటీ పడతాడు. పంచాయతీ పరిధిలోని బడులలో చదివేవారికి ఎంపికలో అదనపు వెయిటేజీ ఉంది; గజపతి, రాయగడ పల్లెల బడులకు అది నేరుగా వర్తిస్తుంది. ఎనిమిదో తరగతి మార్కులు, ఆన్‌లైన్ క్విజ్, సైన్స్ ప్రదర్శనలలో పాల్గొనడం వంటివి లెక్కలోకి వస్తాయి గనుక, తొమ్మిదిలో ప్రకటన చూశాక మొదలుపెడితే ఆలస్యమవుతుంది. ఎనిమిదో తరగతిలోనే పిల్లవాడిని సైన్స్ ప్రదర్శనకు నిలబెట్టి, ఆ పత్రాలను బడిలో భద్రపరచే పని ఉపాధ్యాయులదే.