బోరిచ్ ఇంటిపేరు, 1891 నాటి వైన్ ఒప్పందం

వలసపోయినవారికి విదేశాల్లో పుట్టి పెరిగిన మునిమనవళ్లకు పౌరసత్వం ఇవ్వడం సబబేనా అన్న చర్చ క్రొయేషియాలో మళ్లీ వేడెక్కిన వేళ, పరిశీలించదగిన ఇంటిపేరు బోరిచ్. 2022లో చిలీ అధ్యక్షుడైన గాబ్రియెల్ బోరిచ్ పూర్వీకులు క్రొయేషియాలోని జాదర్ రేవుకు ఎదురుగా ఉన్న ఉగ్ల్యాన్ దీవి నుంచి 19వ శతాబ్దం చివర్లో చిలీ దక్షిణ కొసనున్న పుంటా అరేనాస్ చేరుకున్న సంగతి తెలిసిందే. అసలు అంత దూరం ఎందుకు వెళ్లవలసి వచ్చింది?

బంగారం ఆశతోనని ఒక వాదన ఉంది. పుంటా అరేనాస్‌కు సమీపంలోని తియెరా దెల్ ఫ్వేగో దీవుల్లో 1880లలో బంగారం బయటపడిన మాట నిజమే గాని, కడుపు నిండిన రైతు దానికోసం సముద్రాలు దాటడు. అంతకుముందు ఫిలోక్సెరా పురుగు ఫ్రాన్సు ద్రాక్షతోటలను నాశనం చేయడంతో, అప్పట్లో ఆస్ట్రియా-హంగరీ ఏలుబడిలో ఉన్న క్రొయేషియా తీరప్రాంతం డాల్మేషియా వైన్‌కు గిరాకీ పెరిగి, దీవుల రైతులు రాళ్లు ఏరి గట్లు పేర్చి కొండవాలుల దాకా ద్రాక్ష వేశారు. సరిగ్గా అప్పుడే, 1891లో, ఆస్ట్రియా-హంగరీ ప్రభుత్వం ఇటలీతో స్నేహం నిలుపుకోవడానికి వాణిజ్య ఒప్పందం చేసుకుని ఇటలీ వైన్‌పై సుంకం బాగా తగ్గించింది. ధరలు కుప్పకూలాయి. 1894లో అదే పురుగు డాల్మేషియాలోనూ కనిపించింది. అయితే పురుగు వచ్చేసరికే రైతు దెబ్బతిని ఉన్నాడు.

వలసపోయినవారి చేతిలో ఆస్ట్రియా పాస్‌పోర్టు ఉండేది కనుక చిలీలో వారిని ఆస్ట్రియన్లనే అన్నారు. Borić అన్న ఇంటిపేరు చర్చి రిజిస్టర్లలో ఇటాలియన్ పద్ధతిలో ఒక రకంగా ఉంటే, చిలీ కాగితాల్లో చివరి అక్షరం మీది చిన్న గీత పోగొట్టుకుని Boric అయింది. ఈనాటి దరఖాస్తుదారు ఈ రెండూ ఒకే మనిషివని తరతరాల జనన, వివాహ పత్రాలతో నిరూపించుకోవాలి.

2020 జనవరి 1న అమల్లోకి వచ్చిన క్రొయేషియా పౌరసత్వ చట్ట సవరణ, వలసపోయినవారి వారసులకు తరాల పరిమితిని, భాషా పరీక్షను ఎత్తివేసింది. క్రొయేషియా భాష రానివారికి పాస్‌పోర్టు ఎందుకన్నది విమర్శకుల మాట. కానీ వారు నిలదీయవలసిన అంశం వేరే ఉంది. యుగోస్లావియాతో క్రొయేషియా తెగతెంపులు చేసుకున్న 1991 అక్టోబర్ 8కి ముందు శాశ్వతంగా చిలీకి వెళ్లినవారు చట్టం దృష్టిలో వలసదారులే. అదే ఊరి నుంచి యుగోస్లావియా కాలంలో, అప్పట్లో అదే దేశంలో ఉన్న బెల్‌గ్రేడ్‌కో సరయేవోకో మారినవారికి మాత్రం ఆ గుర్తింపు లేదు.