టేపు మీది అంకెకు నాలుగు కలపకండి: బ్రా సైజు గురించి అపోహలు - వాస్తవాలు

బ్రా ఫిట్టింగ్ పనిలోకి వచ్చి పద్నాలుగేళ్లయింది. నేను టేపు తీయకముందే "నాది 34బి అండీ, అందులో డౌట్ లేదు" అనేవాళ్లే ఎక్కువ. ఆఖరిసారి ఎప్పుడు కొలిచారని అడిగితే కాలేజీ రోజుల్లో అంటారు. ఈ మధ్యలో ఇద్దరు పిల్లలు పుట్టారు, బరువు పెరిగింది, తగ్గింది. సైజు మాత్రం అదే!

అపోహ: రొమ్ముల కింద కొలతకు నాలుగంగుళాలు కలిపితే బ్యాండ్ (ఒంటి చుట్టూ తిరిగే పట్టీ) సైజు, అంటే 34బి లోని 34 వస్తుంది.

నా దగ్గరకొచ్చే సగం బాధలకు మూలం ఇదే. ఆ నాలుగు ఎందుకు కలపాలో ఎవరూ చెప్పరు. అక్క చెప్పింది, అమ్మ చెప్పింది, ఏదో వీడియోలో చూశాం, అంతే. ఇప్పటి బ్యాండ్లు వాటంతటవే సాగుతాయి. పైనుంచి ఇంకో నాలుగంగుళాలు వదిలితే అది ఒంటిని పట్టుకోదు. బరువు మోయాల్సింది బ్యాండే, స్ట్రాపులు కాదు. బ్యాండ్ వదులైతే వెనక పైకి పాకుతుంది, ముందు కిందికి దిగుతుంది. దిగిందని మనం స్ట్రాపులు బిగిస్తాం. బిగిస్తే వెనక ఇంకా పైకి లేస్తుంది. సాయంత్రానికి భుజాల మీద గాడులు, మెడ నొప్పి.

నా కథా అదే. ఇరవై రెండేళ్లప్పుడు నా భుజాల గాడులకు స్ట్రాపులు సన్నగా ఉండటమే కారణమనుకుని, వెడల్పు స్ట్రాపులవి వెతికి వెతికి కొన్నాను. పని నేర్పిన పెద్దావిడ ఒకరోజు నన్ను చూసి "ఆ స్ట్రాపులు రెండూ భుజాల మీంచి దించమ్మా" అంది. దించగానే బ్రా మొత్తం కిందికి జారింది. "చూశావా, ఇన్నాళ్లూ దాన్ని భుజాలతో మోస్తున్నావు" అని నవ్వింది. ఈ పరీక్ష మీరూ చేసి చూడండి. స్ట్రాపులు దించినా బ్యాండ్ కదలకుండా నిలబడాలి.

నాలుగు కలిపితే కప్పు లెక్క, అంటే అంకె పక్కనుండే అక్షరం కూడా తప్పుతుంది. కింద 30 అంగుళాలు, రొమ్ముల మీద 35 ఉన్నాయనుకోండి. పాత లెక్కలో 34 బ్యాండ్, తేడా ఒకటే కాబట్టి 34ఎ. ఉన్నది ఉన్నట్టు లెక్కేస్తే 30 బ్యాండ్, తేడా అయిదు, అంటే 30డీడీ. ఒక అంగుళం తేడాకు ఎ, రెండుకు బి, మూడుకు సి, నాలుగుకు డి, అయిదుకు డీడీ. ఆ తర్వాతి అక్షరాలు ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటాయి, వాళ్ల పట్టిక చూడాల్సిందే. 30 బ్యాండ్ దొరక్కపోతే 32డి తీసుకోండి. బ్యాండ్ ఒక సైజు పెంచితే కప్పు ఒక అక్షరం తగ్గుతుంది, లోపల పట్టే చోటు మాత్రం అంతే.

ఇక్కడే చాలామంది కంగారు పడతారు. "డి నా? అంత పెద్దగా ఉన్నానా?" అని ఒకమ్మాయికి కళ్లనీళ్లు తిరిగాయి. బ్యాండ్ అంకె పక్కన లేకుండా డి అన్న అక్షరానికి అర్థమే లేదు తల్లీ. 28డి కప్పులో పట్టేదీ 34ఎ కప్పులో పట్టేదీ ఒకటే. అద్దంలో నువ్వు నిన్నటి నువ్వే.

కొలిచేటప్పుడు ప్యాడ్ ఉన్న బ్రా వద్దు. పల్చటిది వేసుకోండి, లేదా ఏమీ వద్దు. టేపు వీపు వైపు జారకుండా నేలకు సమానంగా ఉందో లేదో అద్దంలో చూసుకోండి. రొమ్ముల కింద కొలిచేటప్పుడు ఊపిరి వదిలి, టేపు ఒంటికి బిగుతుగా పట్టాలి. పైన కొలిచేటప్పుడు బాగా ఎత్తుగా ఉన్నచోట వదులుగా, నొక్కకుండా. రొమ్ములు మెత్తగా, కాస్త జారి ఉంటే నడుం దగ్గర ముందుకు వంగి ఇంకోసారి కొలిచి, రెండింటి సగటు తీసుకోండి.

ఇంత చేసినా వచ్చేది ఎక్కడ మొదలుపెట్టాలన్న అంకె మాత్రమే. తేల్చేది వేసుకున్నాకే. కొత్త బ్రా అన్నిటికంటే వదులుగా ఉండే హుక్ మీద సరిపోవాలి. వాడేకొద్దీ సాగుతుంది, అప్పుడు లోపలి హుక్‌లకు వెళ్లొచ్చు. మొదటి రోజే బాగా లోపలి హుక్ పెడితే తర్వాత వెళ్లడానికి చోటేదీ? ముందుకు వంగి, చంక వైపు ఉండిపోయినదంతా చేత్తో కప్పులోకి తెచ్చుకోండి. దీని తర్వాత కప్పు చిన్నదని తేలేవాళ్లు ఎంతమందో! కప్పు కింద ఉండే వైర్ పక్కటెముకల మీద కూర్చోవాలి, రొమ్ము మీద కాదు. రెండు కప్పుల మధ్య ముక్క ఛాతీకి ఆనాలి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. వైర్ బ్రాతో క్యాన్సర్ వస్తుందన్న మాట ఇంకా ఫోన్లలో తిరుగుతూనే ఉంది. సియాటిల్‌లోని ఫ్రెడ్ హచిన్‌సన్ క్యాన్సర్ పరిశోధన కేంద్రం నెలసరి ఆగిపోయిన సుమారు 1,500 మంది స్త్రీలను అడిగి 2014లో ప్రచురించిన అధ్యయనంలో అలాంటి సంబంధమేదీ కనిపించలేదు. ఫార్వర్డ్ చేయడం ఆపండి. ఒకవైపు పెద్దగా, ఒకవైపు చిన్నగా ఉండటం జబ్బు కాదు, చాలామందికి ఉంటుంది. పెద్దవైపుకు సరిపోయేది కొనండి. ఆ తేడా కొత్తగా వచ్చినా, గడ్డలాంటిది తగిలినా మాత్రం నా దగ్గరకు కాదు, డాక్టర్ దగ్గరకు. నెలసరి ముందు వాపు ఉంటుంది కాబట్టి ఆ రోజుల్లో కొలవకండి.

ఇంకొకటి, చెప్పడానికి సిగ్గే. ఒకసారి వారం రోజులు అందరికీ బ్యాండ్ బిగుతైన సైజే చెప్పాను. చూస్తే నా గుడ్డ టేపు వాడి వాడి సాగిపోయింది. సాగిన టేపు తక్కువ చూపిస్తుంది. మీ ఇంట్లో పాత టేపు ఉంటే కొలిచే ముందు దాన్ని స్కేలు పక్కన పెట్టి ఒకసారి చూసుకోండి.